కోనసీమ కాలువగట్ల సైకిలు మార్గాలు

కోనసీమలో పంట కాలువల గట్లు, ఏటిగట్లు, పొలాల మధ్య పుంతల వెంబడి సైకిలుపై ప్రయాణించుటకు అనువైన దారులు అనేకం ఉన్నవి. అమలాపురం, కొత్తపేట, రాజోలు పట్టణాలను, వాటి చుట్టుప్రక్కల గ్రామాలను, పుణ్యక్షేత్రాలను ఇవి కలుపుతాయి. ఇవి సైకిళ్ళ కొరకు ప్రత్యేకముగా నిర్మించినవి కావు. పంటకు నీరు తెచ్చుటకు, వరదను ఆపుటకు, పడవలను నడుపుటకు వేసిన గట్లే క్రమముగా దారులైనవి. కనుక ఈ దారుల చరిత్ర గోదావరి డెల్టా నీటిపారుదల చరిత్రలో భాగము.

భౌగోళికము

ధవళేశ్వరం దిగువన గోదావరి తూర్పున గౌతమిగా, పడమర వశిష్ఠగా చీలుతుంది. ఈ రెండింటి మధ్య ప్రాంతమే కోనసీమ. వశిష్ఠ నుండి వైనతేయ అను మరొక పాయ విడివడుట వలన కోనసీమ రెండు భాగములైనది. వైనతేయకు తూర్పున అమలాపురం, పడమర రాజోలు ఉన్నవి. పూర్వము తూర్పు గోదావరి జిల్లాలో ఉన్న ఈ ప్రాంతము 2022 ఏప్రిల్ 4న అమలాపురం కేంద్రముగా ప్రత్యేక జిల్లా అయినది.

నేల దాదాపు సమతలముగా ఉండుట వలన సైకిలు తొక్కువారికి ఎత్తుపల్లాల శ్రమ లేదు. డెల్టాలో పంట కాలువలను మెరక వెంబడి త్రవ్వుతారు. అట్లయితేనే నీరు ఇరువైపులా పల్లపు పొలాలకు దానంతట అదే పారుతుంది. కాలువగట్టు మెరకపై ఉండుట వలన వానాకాలంలో పొలాలు మునిగినప్పుడు కూడా సాధారణముగా నడవదగి ఉంటుంది. గ్రామాలు, కొబ్బరి తోటలు ఎక్కువగా ఈ గట్ల వెంబడే వెలసినవి.

చరిత్ర

సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847 - 1852 మధ్య ధవళేశ్వరం ఆనకట్ట నిర్మాణము జరిగినది. ఆ తరువాత త్రవ్విన కాలువలు సాగునీటితో పాటు పడవల రాకపోకలకు కూడా ఉపయోగపడినవి. నీటిమట్టములో తేడా ఉన్న చోట పడవలను ఎక్కించుటకు, దించుటకు లాకులు కట్టారు. గాలి అనుకూలించనప్పుడు మనుషులు గట్టుపై నడుస్తూ త్రాడుతో పడవను లాగేవారు. ధాన్యము, కొబ్బరికాయలు చాలా కాలము ఈ విధముగానే రవాణా అయ్యేవి. రోడ్లు, లారీలు పెరిగిన తరువాత పడవల రాకపోకలు తగ్గిపోయినవి. పడవలను లాగిన గట్లు కాలినడకకు, సైకిళ్ళకు మిగిలినవి.

ఇతర దేశాలలో కూడా ఇటువంటి మార్పు జరిగినది. ఫ్రాన్సులో 17వ శతాబ్దపు కెనాల్ డ్యు మిడి కాలువ వెంబడి పడవలు లాగిన దారులు నేడు సైకిలు యాత్రికులకు ప్రసిద్ధి చెందినవి. అక్కడ ఆ దారులు ఎక్కువగా విహారానికి ఉపయోగపడుతుండగా, కోనసీమలో రైతులు, కూలీలు, బడిపిల్లలు గట్లను నిత్యము వాడుతున్నారు.

ముఖ్యమైన మార్గాలు

బొబ్బర్లంక - కొత్తపేట: ధవళేశ్వరం బ్యారేజి దాటి బొబ్బర్లంక చేరితే కోనసీమ మొదలవుతుంది. కోనసీమకు నీరిచ్చే ప్రధాన కాలువ ఇక్కడినుండే బయలుదేరుతుంది. దీని వెంబడి పూతరేకులకు పేరొందిన ఆత్రేయపురం మీదుగా లొల్ల చేరవచ్చును. లొల్ల లాకుల వద్ద కాలువ శాఖలుగా చీలుతుంది. సమీపములోని ర్యాలిలో జగన్మోహినీ కేశవస్వామి ఆలయమున్నది. ఇక్కడి ఏకశిలా విగ్రహము ముందువైపు విష్ణువుగా, వెనుకవైపు మోహినిగా మలచబడినది. రావులపాలెం వద్ద జాతీయ రహదారిని దాటి కొత్తపేట చేరవచ్చును. కొత్తపేట దగ్గరలోని పలివెలలో ఉమా కొప్పేశ్వరస్వామి ఆలయము చూడదగినది.

అంబాజీపేట - అమలాపురం: అంబాజీపేట కొబ్బరి వ్యాపారానికి ముఖ్య కేంద్రము. ఇచ్చట కొబ్బరి పరిశోధనా స్థానము కూడా కలదు. దీనికి చేరువలో ఉన్న జగ్గన్నతోటలో ఏటా కనుమ నాడు ప్రభల తీర్థము జరుగుతుంది. పదకొండు గ్రామాల నుండి ఏకాదశ రుద్రుల ప్రభలను భుజాలపై మోసుకొని వస్తారు. గంగలకుర్రు గ్రామస్థులు తమ ప్రభను కౌశిక కాలువ నీటిలోనుండి మోసుకొని పోవుట ఈ తీర్థములో విశేషము. ఈ ప్రాంతము నుండి అయినవిల్లి సిద్ధి వినాయక ఆలయానికి, గౌతమి ఒడ్డున ఉన్న ముక్తేశ్వరానికి కూడా పోవచ్చును.

పి.గన్నవరం - అంతర్వేది: పి.గన్నవరం వద్ద పంట కాలువ వైనతేయ నదిని అక్విడక్టు మీదుగా దాటుతుంది. 19వ శతాబ్దము నడుమ కట్టిన పాత అక్విడక్టుకు 49 కమానులు ఉన్నవి. రాజోలు ప్రాంతపు పొలాలకు నీరు దీని మీదుగానే చేరేది. తరువాత 2000లో దాని చెంతనే నిర్మించిన కొత్త అక్విడక్టుకు డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. ఆమె సమీపములోని లంకల గన్నవరంలో దారిన పోవు వారికి ఏ వేళనైనా అన్నము పెట్టి ప్రసిద్ధికెక్కిన అన్నదాత. నదిని దాటి రాజోలు, సఖినేటిపల్లి మీదుగా వశిష్ఠ సముద్రములో కలిసే అంతర్వేది చేరవచ్చును. అచ్చట లక్ష్మీ నరసింహస్వామి ఆలయమున్నది. వైనతేయ ఒడ్డున ఉన్న అప్పనపల్లి బాల బాలాజీ ఆలయము ఈ వైపుననే ఉన్నది.

రేవులు, వంతెనలు

వంతెనలు రాక పూర్వము కోనసీమ నుండి బయటకు పోవుటకు చాలా చోట్ల రేవు దాటవలసి వచ్చేది. పంటుపై మనుషులతో పాటు సైకిళ్ళను కూడా ఎక్కించేవారు. గౌతమిపై యానాం - ఎదుర్లంక వంతెన 2002లో ప్రారంభమైనది. దీనికి లోక్‌సభ సభాపతిగా పనిచేసిన జి.ఎం.సి. బాలయోగి పేరు పెట్టారు. వైనతేయపై బోడసకుర్రు వద్ద, వశిష్ఠపై చించినాడ వద్ద వంతెనలు వచ్చిన తరువాత జాతీయ రహదారి కోనసీమ గుండా సాగినది. దానితో బస్సులు, లారీలు పెరిగి, సైకిలుపై పోవువారికి కాలువగట్లే నెమ్మదైన దారులుగా మిగిలినవి.

అనువైన కాలము, జాగ్రత్తలు

నవంబరు నుండి ఫిబ్రవరి వరకు ప్రయాణానికి అనువుగా ఉంటుంది. వేసవిలో మరమ్మతుల కొరకు కాలువలు కట్టివేస్తారు. జూలై నుండి సెప్టెంబరు వరకు వరదల వలన లంక గ్రామాలకు పోవు కాజ్‌వేలు నీట మునుగుతాయి. ఆ సమయములో వాటిని దాటుట ప్రాణాపాయకరము. వానకు మట్టిగట్లు జారుడుగా ఉంటాయి. చాలాచోట్ల గట్టుకు కాలువ వైపున కంచె గాని, పిట్టగోడ గాని ఉండదు. కనుక చీకటి పడిన తరువాత ప్రయాణము మంచిది కాదు.

గట్ల పరిరక్షణ

గట్టు దారి మాత్రమే కాదు, గ్రామానికి రక్ష కూడా. 1986 ఆగష్టులో ధవళేశ్వరం వద్ద సుమారు 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినప్పుడు ఏటిగట్లు పలుచోట్ల తెగి కోనసీమ తీవ్రముగా నష్టపోయినది. తిరిగి 2022 జూలైలో వచ్చిన పెద్ద వరదలో లంక గ్రామాలు మునిగినవి. బరువైన వాహనాలు తిరుగుట, మట్టి త్రవ్వుట, ఆక్రమణలు, కాలువలో చెత్త వేయుట గట్లను, కాలువలను దెబ్బతీస్తాయి. ఈ కాలువల నీరే అనేక గ్రామాలలో చెరువులకు, త్రాగునీటికి ఆధారము. సైకిలు వలన గట్టుకు హాని దాదాపు లేదు. గట్టు బాగుంటే దారి, పంట, ఊరు మూడూ నిలుస్తాయి.

ఇవి కూడా చూడండి

కోనసీమ
ధవళేశ్వరం ఆనకట్ట
సర్ ఆర్థర్ కాటన్
డొక్కా సీతమ్మ
ప్రభల తీర్థం