కిడ్నీ నాడి పట్టిన యంత్రం

దాత శరీరం నుంచి తీసిన కిడ్నీని ఎంతసేపు బతికించగలం? 1960ల్లో సర్జన్లను వేధించిన ప్రశ్న ఇది. దానికి జవాబు త్వరగానే దొరికింది. ఆ కిడ్నీ అమర్చాక పనిచేస్తుందా లేదా అన్నది ముందే ఎలా తెలుస్తుందన్న రెండో ప్రశ్నకు మాత్రం ఇప్పటికీ వెతుకుతూనే ఉన్నారు.

శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఫోల్కెర్ట్ బెల్జర్ అనే సర్జన్ కుక్కల కిడ్నీలతో ప్రయోగాలు చేసేవారు. ధమనికి పంపు తగిలించి, చల్లబరిచిన ప్లాస్మాను లోపలికి పంపితే కాసేపటికే ఒత్తిడి పెరిగిపోయేది. ప్లాస్మాలోని కొవ్వు పదార్థాలు ముద్దకట్టి సన్నటి రక్తనాళాలను మూసేసేవి. ప్లాస్మాను ముందుగా గడ్డకట్టించి, కరిగించి, వడగట్టి వాడాక ఆ చిక్కు వీడింది. 1967లో 72 గంటలు నిల్వ ఉంచిన కిడ్నీని తిరిగి అదే కుక్కకు అమర్చి, రెండో కిడ్నీ తీసేశారు. ఆ ఒక్కదానితోనే కుక్క బతికింది. యంత్రం మీద 17 గంటలున్న కిడ్నీని మనిషికి అమర్చిన వైనం 1968లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది.

బెల్జర్‌ను విసిగించిన ఆ ఒత్తిడే తరువాతి వైద్యులకు సమాచారమైంది. ఒత్తిడిని ప్రవాహంతో భాగిస్తే వచ్చే అంకె పేరు నిరోధం. చల్లబడిన కిడ్నీలో రక్తనాళాలు మొదట బిగుసుకుని ఉంటాయి, నిరోధం ఎక్కువగా కనిపిస్తుంది. ఆరోగ్యంగా ఉన్నదైతే గంటలు గడిచేకొద్దీ నాళాలు సడలి ఆ అంకె దిగుతుంది. లోపల కణాలు ఉబ్బి, దారులు పూడిపోయి ఉంటే దిగదు. దాచిపెట్టడానికి చేసిన యంత్రం నాడి చూడటం మొదలుపెట్టిందన్నమాట.

అయితే 1969లో లాస్ ఏంజెలెస్‌లో జెఫ్రీ కాలిన్స్ బృందం పొటాషియం ఎక్కువున్న ద్రావణంతో కడిగి మంచులో పెడితే కుక్క కిడ్నీ 30 గంటలు నిలుస్తుందని చూపించింది. అంత తేలికైన పద్ధతి దొరికాక ఖరీదైన పంపుల జోలికి చాలామంది పోలేదు. కానీ మంచు పెట్టెలో ఉన్న కిడ్నీ ఏమీ చెప్పదు. దాతల్లో ప్రమాదాల్లో గాయపడ్డ యువకులు ఎక్కువగా ఉన్న రోజుల్లో ఆ లోటు పెద్దగా తెలియలేదు.

నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్‌లో తెలిసింది. అక్కడ గౌకె కూట్‌స్ట్రా, గుండె ఆగిపోయిన దాతల నుంచి కూడా కిడ్నీలు తీసుకోవచ్చన్నారు. ఇలాంటి దాతల వర్గీకరణకు 1995 నుంచీ ఆ ఊరి పేరే స్థిరపడింది. రక్తం ఆగాక ఒంటి వేడిలో గడిచే ప్రతి నిమిషమూ కిడ్నీకి దెబ్బే. ఎంత దెబ్బ తగిలిందో అమర్చకముందే తెలియాలి. అందుకే అక్కడ పంపు మళ్లీ పనిలోకి వచ్చింది. నిరోధంతో పాటు, దెబ్బతిన్న కణాల నుంచి ద్రవంలోకి కారే జీఎస్‌టీ అనే ఎంజైమునూ కొలిచారు.

ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది 2009లో ఫలితాలు వెలువడిన యూరప్ పరీక్ష. 336 మంది దాతలు. ప్రతి దాత కిడ్నీల్లో ఒకటి యంత్రం మీదికి, రెండోది మంచులోకి. ఇంతకంటే న్యాయమైన పోటీ ఉండదు. అమర్చిన వెంటనే పనిచేయక డయాలసిస్ అవసరమైనవి మంచులో ఉంచినవాటిలో 26.5 శాతం, యంత్రం మీదివాటిలో 20.8 శాతం. ఏడాది తరువాత నిలిచినవి 90, 94 శాతం. నిల్వ ఉంచడంలో యంత్రమే గెలిచింది.

నాడి చూడటంలో మాత్రం అంత గెలవలేదు. అదే పరీక్ష కిడ్నీలను తిరగేసి చూస్తే, నిరోధం ఎక్కువుంటే పని ఆలస్యంగా మొదలయ్యే ప్రమాదం ఉన్నమాట నిజమే కానీ, ఒక్కో కిడ్నీ భవిష్యత్తు చెప్పే శక్తి ఆ అంకెకు చాలా తక్కువని తేలింది. ఎంజైములు కూడా ఆలస్యాన్ని సూచించాయే తప్ప, కిడ్నీ ఎంతకాలం నిలుస్తుందో చెప్పలేదు. కాబట్టి ఒక్క అంకె చూసి కిడ్నీని పక్కన పడేయడం తప్పని నా గట్టి నమ్మకం. అమెరికాలో ఇటీవలి ఏళ్లలో తీసిన కిడ్నీల్లో సుమారు నాలుగో వంతు ఎవరికీ అమర్చకుండానే పోతున్నాయి. మన అవయవదాన పథకం జీవన్‌దాన్‌లో పేరు రాయించుకుని డయాలసిస్ కుర్చీలో ఏళ్లు గడుపుతున్నవారికి ఈ మాట విడమరచి చెప్పక్కర్లేదు.

ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో మైకేల్ నికల్సన్, సారా హాస్‌గుడ్ మరో దారి పట్టారు. చల్లగా కాదు, ఒంటి వేడికి దగ్గరగా, ఎర్రకణాలూ ఆక్సిజనూ ఇచ్చి గంటసేపు నడిపి చూశారు. కిడ్నీ రంగు తేరుకుంటుంది, మూత్రం పోస్తుంది. రూపం, ప్రవాహం, మూత్రం, ఈ మూడింటినీ కలిపి ఒకటి నుంచి అయిదు దాకా మార్కులు వేశారు. ఇతరులు వద్దన్న కిడ్నీల్లో కొన్నిటిని ఇలా పరీక్షించి అమర్చి, పనిచేయించగలిగారు. 2023లో వచ్చిన పెద్ద పరీక్షలో ఆ గంట వెచ్చదనం వల్ల ఆలస్యం తగ్గలేదు. అయితే అక్కడ వెచ్చదనాన్ని చికిత్సగా చూశారు. దాన్ని పరీక్షగా వాడటం వేరే సంగతి.

జ్యూరిక్ పరిశోధకులు కాలేయాల్లో ఇంకా లోపలికి వెళ్లారు. మైటోకాండ్రియా దెబ్బతిన్నప్పుడు విడుదలయ్యే ఎఫ్ఎంఎన్ అనే పదార్థం ద్రవంలో ఎంతుందో, యంత్రం నడుస్తుండగానే కాంతితో కొలవవచ్చని 2019లో చూపించారు. ఆ కొలతను ఇప్పుడు కిడ్నీల మీదా పరీక్షిస్తున్నారు.