చెక్కచెప్పుల చిందు

చలిమంట దగ్గరికి జరగండర్రా. ఇవాళ రాజుల కథ కాదు, చెప్పుల కథ.

మనది నేతపని చేసిన ఇల్లు కదా. నేనేమో డాక్టరునై ఇంగ్లండులో లాంకషైర్‌లో తేలాను. మన మగ్గాల పొట్టకొట్టిన మిల్లుబట్ట దిగింది అక్కణ్ణించే! ఆ మిల్లుల్లో పనిచేసిన ముసలమ్మలు మోకాళ్ళ నొప్పులంటూ నా దగ్గరికి వచ్చేవాళ్ళు. వాళ్ళ నోటి వెంట విన్నవే ఈ కబుర్లు.

మిల్లుకి వాళ్ళు వేసుకెళ్ళేవి క్లాగ్‌లు. పైన తోలు, అడుగున చెక్క, చెక్క అంచుకి ఇనప లాడం. నూలు తెగకూడదంటే నేతశాలలో గాలి చెమ్మగా ఉండాలి. దాంతో నేలంతా తడి. తోలు అడుగైతే నానిపోతుంది, చెక్కయితే తట్టుకుంటుంది. పైగా చవక. తెల్లారకముందే జనం మిల్లుకి బయల్దేరితే రాళ్ళు పరిచిన వీధులన్నీ టకటకలాడేవి. పిల్లకాయలు ఆ రాళ్ళని తన్ని నిప్పురవ్వలు లేపేవాళ్ళు. ఇంటికెళ్ళి తన్నులు తినేవాళ్ళు. లాడం అరిగితే డబ్బులెవరిస్తారు మరి?

లోపల వందల మరమగ్గాలు ఒక్కసారిగా మోగుతుంటే పక్కమనిషి మాట వినపడదు. పెదాల కదలిక చూసి మాట్లాడుకునేవాళ్ళు. ఆ రొదలో గంటల తరబడి నిలబడి, మగ్గం దరువుకి మడమా మునివేళ్ళూ ఆడించేవాళ్ళట. నాడె అటూ ఇటూ పరిగెత్తే లెక్కంతా కాళ్ళలోకి దిగింది. ఎనభై దాటిన ఒకావిడ నా గదిలో కుర్చీలో కూర్చునే చేసి చూపించింది. చేతులు ఒళ్ళో ఉన్నాయి, నడుం పైన చిన్న కదలికైనా లేదు. కింద మాత్రం మడమ ఒకటి కొడితే వేళ్ళు రెండు కొడుతున్నాయి. మోకాలి నొప్పి సంగతి ఇద్దరం మర్చిపోయాం.

ఈ చెక్కచెప్పుల చిందుకి పందేలు కూడా జోరుగా సాగేవి. కొన్నిచోట్ల జడ్జీలు వేదిక కింద కూర్చునేవారు, ఆట చూడ్డానికి కాదు, వినడానికి! ఒక్క దెబ్బ తప్పినా దొరికిపోయేవాళ్ళు. 1880లో లీడ్స్‌లో ప్రపంచ ఛాంపియన్ బెల్టు గెలిచిన డాన్ లెనో, తర్వాత లండన్ జనాన్ని నవ్వించి నవ్వించి పేరు మోశాడు. ‘ఎయిట్ లాంకషైర్ లాడ్స్’ అనే పిల్లల క్లాగ్ బృందంలో తొమ్మిదేళ్ళ బుడతడొకడు చేరాడు. ఎవరనుకున్నారు? చార్లీ చాప్లిన్! ఆ కాళ్ళకి తాళం ఊరికే రాలేదర్రా. ఈ అడుగులే ఐరిష్ వాళ్ళ అడుగులతో పాటు అమెరికా చేరి, అక్కడి నల్లవాళ్ళ తాళంతో కలిసి ట్యాప్ డాన్స్ అయ్యాయి.

అన్నట్టు, 1931లో గాంధీగారు లాంకషైర్ వెళ్ళారు. మనం విదేశీ బట్ట మానేశాక అక్కడ ఎందరికో పని పోయింది. అయినా డార్వెన్‌లో మిల్లు ఆడవాళ్ళు ఆయన చుట్టూ మూగి, చేతులెత్తి జేజేలు కొట్టారు. ఆ ఫోటో మీకు రేపు చూపిస్తాను.

మిల్లులు మూతపడ్డాయి, క్లాగ్‌లు కాళ్ళ నుంచి జారిపోయాయి. ఆట ఎలా మిగిలిందంటారా? కొందరు కుర్రాళ్ళు ముసలి డాన్సర్ల ఇళ్ళకి వెళ్ళి, ఒక్కో అడుగూ అడిగి నేర్చుకుని, కాగితం మీద రాసిపెట్టుకున్నారు. మీ నాయనమ్మకి కోలాటం అడుగులు బోలెడు తెలుసు. ఆ ఫోన్లలో పనికిమాలినవి తీసే బదులు, రేపు పొద్దున్నే ఆవిణ్ణి కూర్చోబెట్టి అవి తీయండి.