బురదలో ఎలక్ట్రాన్ బాట

బొల్లాపల్లి మండలంలో మెట్ట పొలాలే ఎక్కువ. అలాంటి ఊళ్లలో వేసవికి చెరువు అడుగంటుతుంది. ఆ అడుగున కాలు పెడితే నల్లటి బురద పైకి తేలి, కుళ్లిన కోడిగుడ్డు వాసన కొడుతుంది. ఆ వాసన హైడ్రోజన్ సల్ఫైడ్‌ది. గాలి చొరబడకపోయినా వెలుగు కాస్త అందే ఇలాంటి చోట్ల ఊదారంగు బ్యాక్టీరియా బతుకుతాయి. ఎండను తిని బతకడంలో ఇవి మొక్కల్లాంటివే. ఆక్సిజన్‌ను మాత్రం వదలవు. వెలుగు జీవశక్తిగా ఎలా మారుతుందో మనిషి తెలుసుకున్నది చాలావరకు ఈ బురద జీవుల దగ్గరే.

వీటికి వెలుగు కావాలని జర్మన్ శాస్త్రవేత్త ఏంగెల్మన్ 1883లోనే చూపాడు. మొక్క నీటి నుంచి ఎలక్ట్రాన్లు తీసుకుంటే ఈ బ్యాక్టీరియాలో కొన్ని హైడ్రోజన్ సల్ఫైడ్ నుంచి తీసుకుంటాయని, మూలసూత్రం రెండింటికీ ఒకటేనని 1931లో వాన్ నీల్ తేల్చాడు. తీసుకున్న ఎలక్ట్రాన్ ఏ చేతి నుంచి ఏ చేతికి పోతుందన్న ప్రశ్నకు మరో ఇరవై ఏళ్లు జవాబు లేదు.

జవాబు మొదలైంది మార్టిన్ కామెన్ దగ్గర. 1940లో శామ్ రూబెన్‌తో కలిసి కార్బన్-14ను కనుగొన్నది ఈయనే. 1953లో ఎల్స్‌డెన్, వెర్నన్‌లతో కలిసి రోడోస్పైరిల్లం రూబ్రం అనే ఊదా బ్యాక్టీరియాలో ఒక ఎర్రటి ప్రోటీన్‌ను పట్టుకున్నాడు. తర్వాత దానికి సైటోక్రోమ్ సి2 అన్న పేరు స్థిరపడింది. మన రక్తంలో లాగే దాని నడుమ కూడా ఇనుము ఉన్న హీమ్ ఉంటుంది. ఆ ఇనుము ఒక ఎలక్ట్రాన్‌ను పుచ్చుకుంటుంది, మళ్లీ ఇచ్చేస్తుంది. ఇందులో వింతేమిటని ఇప్పుడు అనిపించవచ్చు. ఆ రోజుల్లో సైటోక్రోమ్ అనే ఈ తరహా ప్రోటీన్ అంటే ఆక్సిజన్ పీల్చే జీవుల సొత్తని నమ్మేవారు. గాలి లేకుండా పెరిగిన బ్యాక్టీరియాలో అది పుష్కలంగా దొరకడంతో ఆ నమ్మకం కూలిపోయింది. శ్వాసకూ కిరణజన్య సంయోగక్రియకూ పనిముట్లు ఒకే కుదురువని తేలింది. ఈ చరిత్ర మొత్తంలో అసలు మలుపు ఇదేనని నా అభిప్రాయం.

మరుసటి ఏడాదే రెండు సంగతులు బయటపడ్డాయి. వెలుగు పడగానే ఈ సైటోక్రోమ్ ఎలక్ట్రాన్‌ను వదులుకుంటుందని డచ్ శాస్త్రవేత్త డ్యూయ్‌సెన్స్ గమనించాడు. బ్యాక్టీరియా పొరల ముక్కలు వెలుగులో, కణానికి శక్తినిచ్చే ఏటీపీని తయారుచేస్తాయని ఫ్రెంకెల్ చూపాడు. ఆ ఏటీపీని 1929లో కండరంలో గుర్తించినవారిలో మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు.

నూతి దగ్గర వరసగా నిలబడి బిందెలు అందించుకున్నట్టు ఉంటుంది ఈ వ్యవహారం. వెలుగు తాకినప్పుడు, పొరలోని చర్యాకేంద్రం అనే ప్రోటీన్ల కూటమి ఎలక్ట్రాన్‌ను విసురుతుంది. దాన్ని క్వినోన్ అనే అణువు అందుకుని సైటోక్రోమ్ బిసి1 అనే ప్రోటీన్ల సముదాయానికి ఇస్తుంది. అక్కడి నుంచి సైటోక్రోమ్ సి2 దాన్ని మళ్లీ చర్యాకేంద్రానికే చేరవేస్తుంది. ఈ తిరుగుడులో ప్రోటాన్లు పొరకు ఒక పక్కన పోగుపడతాయి. అవి వెనక్కి దూకే ఊపుతో ఏటీపీ తయారవుతుంది.

1966లో డివాల్ట్, ఛాన్స్ చేసిన ప్రయోగం గురించి చదివినప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది. క్రొమేషియం అనే గంధక బ్యాక్టీరియాను చల్లబరుస్తూ, సైటోక్రోమ్ ఎంత వేగంగా ఎలక్ట్రాన్‌ను ఇస్తుందో లేజర్ వెలుగుతో కొలిచారు. మామూలు వేడిమిలో మైక్రోసెకన్లు పట్టే పని చల్లబడే కొద్దీ మందగించింది. సుమారు మైనస్ 173 డిగ్రీల దగ్గర రెండు మిల్లీసెకన్లకు చేరి, ఆపైన ఎంత చల్లబరిచినా మారలేదు. గోడ ఎక్కే శక్తి లేని ఎలక్ట్రాన్ గోడలోంచే దూరి అవతలికి పోతోందన్నమాట. ఇలా దూరడాన్నే క్వాంటం టనలింగ్ అంటారు. అది జీవకణంలో జరుగుతోందనడానికి మొదటి గట్టి సాక్ష్యం ఇదే.

తర్వాతి కథ త్వరత్వరగా నడిచింది. ఇనుము, గంధకం కలిసిన ప్రోటీన్లు ఒక్కొక్కటే బయటపడ్డాయి. 1968లో రీడ్, క్లేటన్ చర్యాకేంద్రాన్ని విడదీశారు. పొరలో ఇరుక్కున్న ప్రోటీన్లను స్ఫటికాలుగా మలచడం అసాధ్యమని చాలామంది అనుకుంటున్న కాలంలో, 1982లో హార్ట్‌ముట్ మిషెల్ ఆ పని చేశానని ప్రకటించాడు. 1985 నాటికి అణువు అణువూ కనిపించింది. 1988లో మిషెల్‌కు, డైసెన్‌హోఫర్‌కు, హ్యూబర్‌కు నోబెల్ వచ్చింది. వారు ఎంచుకున్న బ్యాక్టీరియాలో, చర్యాకేంద్రం నెత్తిన నాలుగు హీమ్‌ల సైటోక్రోమ్ కూర్చుని ఉంటుంది.

మన నేల పాత్ర వేరే దారిలో సాగింది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో వేరుచేసిన రోడోబాక్టర్ స్ఫెరాయిడిస్ ఓ.యూ. 001 రకాన్ని వెలుగుతో హైడ్రోజన్ తయారుచేసే ప్రయోగాలకు టర్కీ శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి వాడారు. హైదరాబాద్‌లో చింతలపాటి వెంకట రమణ, చింతలపాటి శశికళ బృందాలు కొత్త జాతులెన్నింటికో పేర్లు పెట్టాయి. రోడోవులం విశాఖపట్నమెన్సే, మారిక్రొమేషియం భీమ్లికం, థయోరోడోకాకస్ కాకినాడెన్సిస్ అని మన ఊళ్ల పేర్లు ప్రపంచ జాబితాలో చదువుతుంటే గర్వంగా ఉంటుంది. వరి మడి మట్టిలోంచి వచ్చిన రుబ్రివివాక్స్ బెంజోయాటిలిటికస్‌ను 2006లో ప్రకటించారు. దాని దగ్గరి చుట్టం రుబ్రివివాక్స్ జెలాటినోసస్‌లో, చర్యాకేంద్రానికి ఎలక్ట్రాన్‌ను అందించే పని సైటోక్రోమ్ సి2కు బదులు ఇనుము-గంధకం ప్రోటీన్ చేస్తుందని 1990ల నడుమ ఫ్రెంచి శాస్త్రవేత్తలు నిరూపించారు. అంటే మనం పుస్తకంలో గీసుకునే ఒకే బాట అన్ని జీవులకూ వర్తించదు. కొత్త జీవి దొరికినప్పుడల్లా బాటను మళ్లీ వెతకాల్సిందే.

బొల్లాపల్లి బడుల్లో సైన్సు చెప్పే మాస్టార్లకు, టీచరమ్మలకు ఒక విన్నపం. ఒక గాజు సీసాలో చెరువు బురద, చింపిన కాగితం ముక్కలు, గుడ్డు పెంకు పొడి, ఉడికిన గుడ్డు పచ్చసొన కాస్త వేయండి. పైన చెరువు నీళ్లు పోసి కిటికీ పక్కన పెట్టండి, పిల్లలకు వారం వారం చూపించండి. కొన్ని వారాలకు గాజు వెంట ఊదా, ఎరుపు మచ్చలు లేస్తాయి. అవే ఈ బ్యాక్టీరియా.