డోలి కోయ గాయకుని వృత్తిజీవితం: సకిని రామచంద్రయ్య

సింగరేణి మండల కేంద్రమైన కారేపల్లి వద్ద రైలుమార్గం రెండుగా చీలుతుంది. ఒకటి ఇల్లెందుకు, మరొకటి కొత్తగూడెం మీదుగా మణుగూరుకు. రెండూ బొగ్గు కోసం వేసినవే. ఆ రెండవ మార్గం ముగిసే మణుగూరు మండలంలోని కూనవరం, 2022లో పద్మశ్రీ పొందిన సకిని రామచంద్రయ్య ఊరు. పత్రికలు ఆయనను జానపద కళాకారుడిగా పరిచయం చేశాయి. ఆ మాట తప్పు కాదు కాని, ఆయన వృత్తి స్వభావాన్ని తెలపడానికి చాలదు.

డోలి కోయలు కోయ తెగలోని కథక శాఖ. కోయల గోత్ర సమూహాలను గట్టులంటారు. ప్రతి గట్టుకూ ఇలవేల్పు, వంశచరిత్ర, ఆ చరిత్రను బొమ్మలలో చూపే గుడ్డ పడిగె ఉంటాయి. వేల్పుల కొలుపులలోను, మరణానంతర కర్మలలోను డోలు మోగిస్తూ ఆ చరిత్రను గానం చేయడం డోలి కోయల విధి. అంటే ఇక్కడి శ్రోత కేవలం ప్రేక్షకుడు కాడు, కథలోని వారికి వారసుడు. గాయకుడు ఒక పేరు మరచినా అది కళాలోపంగా మిగిలిపోదు; ఒక కుటుంబపు పూర్వికుడు జాబితా నుంచి జారిపోయినట్లే.

రామచంద్రయ్యకు ఖ్యాతి తెచ్చినది కంచుమేళం–కంచుతాళం, ముఖ్యంగా సమ్మక్క–సారలమ్మల కథాగానం. మేడారం జాతరకు 1996లో రాష్ట్ర పండుగ హోదా లభించింది. అక్కడికి వచ్చే లక్షలాది భక్తులకు సమ్మక్క కాకతీయులను ఎదిరించిన వీరనారి. డోలి గానంలో ఆమె వంశక్రమంలో స్థానం గల పూర్వికురాలు కూడా. చరిత్రకారులు ఈ రెండవ రూపాన్ని ఐతిహ్యమని పక్కన పెట్టడం తొందరపాటు.

అదే ఏడాది పద్మశ్రీ పొందిన దర్శనం మొగులయ్యతో పోల్చితే తేడా స్పష్టమవుతుంది. ఆయన పన్నెండు మెట్ల కిన్నెర 2021లో ‘భీమ్లా నాయక్’ పాట ద్వారా సినిమా శ్రోతలకు చేరింది. కిన్నెర నాదాన్ని సందర్భం నుంచి వేరుచేసి వినవచ్చు. గట్టు చరిత్రను అలా వేరుచేస్తే మిగిలేది రాగమే.

రామచంద్రయ్య 2024 జూన్ 23న మరణించారు. గానాన్ని ధ్వనిముద్రణ నిలుపుతుంది. ఏ గట్టు వారి ముందు, కర్మలో ఏ ఘట్టాన, ఏ భాగం పాడాలో మాత్రం పెద్దల వెంట కొలుపులకు తిరిగిన వారికే పట్టుబడుతుంది.