క్రెష్ చరిత్రలో ఇద్దరు స్త్రీలు

ఎనిమిది నెలల కొడుకుని క్రెష్‌లో చేర్చే ముందు మా అమ్మాయి వాళ్ళిచ్చిన కాగితం నా చేతిలో పెట్టింది. టీకాల కార్డు, మూడు జతల బట్టలు, పేరు రాసిన పాలసీసా. చివర్న ఒక వాక్యం: జ్వరం వస్తే తల్లి వెంటనే వచ్చి తీసుకెళ్ళాలి. తండ్రి అన్న మాట అందులో ఎక్కడా లేదు. నేనూ ఒకప్పుడు ఇలాంటి కాగితమే పట్టుకుని తిరిగాను. చేరిన నెలలోనే పాపకి జలుబు, అది తగ్గేలోపు దగ్గు, మళ్ళీ జలుబు. నా పెంపకంలోనే ఏదో లోపముందని కుమిలిపోయాను. పదిమంది పిల్లల మధ్యకి కొత్తగా వెళ్ళిన పసివాళ్ళకి మొదటి ఏడాది తరచూ జలుబులు రావడం మామూలేనని నాకెవరూ చెప్పలేదు.

చంటిబిడ్డ ఆరోగ్యం తల్లి ఒక్కదాని పూచీ ఎలా అయింది? ఈ ప్రశ్నతోనే క్రెష్ చరిత్ర వెతకడం మొదలుపెట్టాను.

క్రెష్ ఫ్రెంచి మాట. పశువుల తొట్టి అని అర్థం. బాలయేసుని పడుకోబెట్టింది అలాంటి తొట్టిలోనే. 1844 నవంబరులో ఫిర్మాఁ మార్బో పారిస్‌లోని షాయో పేటలో, పనికి పోయే పేద తల్లుల పిల్లల కోసం మొదటి క్రెష్ తెరిచాడు. జబ్బుపడ్డ బిడ్డని చేర్చుకోరు. డాక్టరు వచ్చి చూస్తాడు. పాలిచ్చే తల్లి పని మధ్యలో వచ్చి పాలిచ్చి వెళ్ళాలి. అన్నీ మంచి నియమాలే. వాటితోపాటు ఇంకొకటి: తల్లికి సత్ప్రవర్తన ఉండాలి. బిడ్డ ఆరోగ్యానికీ తల్లి నడతకీ ముడి అక్కడే పడిపోయింది.

మన దగ్గర బొంబాయి మిల్లుల్లో పనిచేసే స్త్రీలు చంటిపిల్లలకి నల్లమందు పెట్టి నిద్రపుచ్చి వెళ్ళేవారని 1920ల నాటి విచారణలు నమోదు చేశాయి. తల్లుల అజ్ఞానమన్నారు చాలామంది. రోజుకి పదకొండు గంటల దాకా పనిచేయించుకోవచ్చని 1922 ఫ్యాక్టరీ చట్టమే ఒప్పుకుంది. ఆ పదకొండు గంటలూ ఆకలితో ఏడ్చే బిడ్డని ఆ తల్లి ఏం చేసుండాలి? ఆమెకి లేనిది జ్ఞానం కాదు, తీరిక.

ఈ సంగతిని చట్టం కొంత ఆలస్యంగానైనా గుర్తించింది. యాభైమంది కంటే ఎక్కువ స్త్రీలున్న ఫ్యాక్టరీలో క్రెష్ ఉండాలంది 1948 చట్టం. గాలీ వెలుతురూ ఉండాలి, శుభ్రంగా ఉండాలి, తల్లులు వచ్చి పాలిచ్చే వీలుండాలి. 1976లో ఆ యాభైని ముప్ఫైకి తగ్గించారు. కానీ ఆ సంఖ్య దాటకుండా స్త్రీలని పనిలో పెట్టుకుంటే ఆ చట్టం కింద యజమానికి ఆ బాధ్యతే ఉండేది కాదు. బిడ్డకి పదిహేను నెలలు వచ్చేదాకా రోజుకి రెండు పాల విరామాలు ఇచ్చింది 1961 ప్రసూతి చట్టం. 2017 సవరణ యాభైమంది ఉద్యోగులున్న సంస్థల్లో క్రెష్ తప్పనిసరి చేసి, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్ళి రావచ్చంది. ఈ సవరణలోనూ క్రెష్‌కి వెళ్ళి రావలసింది తల్లే.

ఫ్యాక్టరీ గేటుకి బయట మట్టి మోసే స్త్రీల పిల్లల సంగతో? 1969లో ఢిల్లీలో గాంధీ శతజయంతి ప్రదర్శన కోసం కట్టడాలు లేస్తున్న చోట, దుమ్ములో పడుకున్న పసివాళ్ళని చూసి మీరా మహదేవన్ ఒక గుడారంలో మొబైల్ క్రెషెస్ మొదలుపెట్టింది.

ఇంతమంది తల్లుల గురించి చదువుతుంటే, పక్కనే ఇంకో స్త్రీ నిలబడి ఉన్నట్టు అనిపించింది. ఆయా. పిల్లల్ని చూసే స్త్రీలు శిక్షణ పొంది ఉండాలని 1948 చట్టం అడిగింది. ఆమెకి జబ్బు చేస్తే ఏమిటన్నది ఆ సెక్షన్‌లో లేదు. 2005 ఉపాధి హామీ చట్టం మాత్రం, పనిచోట ఆరేళ్ళలోపు పిల్లలు అయిదుగురుంటే వాళ్ళని చూసే స్త్రీకీ కూలి ఇవ్వాలంది. బిడ్డని చూడడం కూడా పనేనని ఒప్పుకున్న మాట అది.

గుడ్డ మార్చాక, తినిపించే ముందు ఆయా చేతులు కడుక్కుంటే పిల్లల విరేచనాలు తగ్గుతాయి. ఒక్కతే పదిమందిని చూస్తుంటే ప్రతిసారీ కడుక్కునే వ్యవధి ఎక్కడిది? జీతం కోస్తారని జ్వరంతోనే వచ్చే ఆయా దగ్గర పిల్లలు ఎలా బాగుంటారు? తొమ్మిది నెలలు నిండాక వేసే తట్టు టీకా మావాడికి ఇంకా పడలేదు. అందాకా వాడికి పెద్ద రక్ష, అక్కడి మిగతా పిల్లలకి పడిన టీకాలే. ఇంతమంది చేతుల్లో ఉన్న ఆరోగ్యాన్ని తల్లి ఒక్కదాని తలమీద పెట్టడం అన్యాయమే కాదు, పనికిరాని పద్ధతి కూడా.

మర్నాడు మా అమ్మాయి ఆ కాగితంలో తన నంబరుకి పైన అల్లుడి నంబరు రాసింది. నేను నిర్వాహకురాలిని రెండే అడిగాను: ఒక ఆయాకి ఎంతమంది పిల్లలు? ఆయాకి ఒంట్లో బాగాలేని రోజు జీతం ఇస్తారా? మొదటిదానికి వెంటనే జవాబు వచ్చింది. రెండోదానికి ఆవిడ ఆయా వైపు చూసింది.

"కోత పడుద్దమ్మా," అంది ఆయా మావాణ్ణి ఎత్తుకుంటూ.

నీ పిల్లలెక్కడమ్మా అని అడిగాను. చిన్నది పక్కింట్లో ఉందట. దానికి రెండు రోజులుగా జ్వరమట.