రెండు నగరాలు, ఒక ట్రాంబండి

మా నాన్నగారు మద్రాసులో చదువుకొన్న రోజులను తలచుకొన్నప్పుడెల్లా మొదట చెప్పేది ట్రాంబండి గంట గురించే. 'ట్రాము' అనేవారు కారు, 'ట్రాంబండి' అనేవారు. బండి చేర్చనిదే ఆయనకు ఏ వాహనమూ తెలుగుమాట అయ్యేది కాదు! 1895లో విద్యుత్తుతో మొదలైన ఆ బండ్లు 1953 ఏప్రిల్ 12తో ఆగిపోయాయి. అదే యేట అక్టోబరులో మన ఆంధ్రరాష్ట్రం ఏర్పడింది, మద్రాసు మనకు పరాయిదైంది. ఆ సందడిలో ట్రాంబండి కోసం కంటతడి పెట్టిన తెలుగువారు ఎందరుంటారు?

అదే 1953 జూలైలో కలకత్తాలో జరిగినది వేరు. రెండవ తరగతి ట్రాము ఛార్జీని ఒక్క పైస పెంచినందుకు నగరమంతా భగ్గుమన్నది. ట్రాములు తగులబడ్డాయి, తుపాకులు పేలాయి, చివరకు పెంచిన పైసను ప్రభుత్వం దించక తప్పలేదు. తగులబెట్టినవారే మరునాడు అదే ట్రామెక్కి పనికి పోయి ఉంటారని నా ఊహ. కోపగించుకోవడానికైనా చనువుండాలి కదా.

ఆ చనువు పాతది. 1873 ఫిబ్రవరి 24న సియాల్దా నుండి ఆర్మీనియన్ ఘాట్ వరకు గుఱ్ఱాలు లాగిన తొలి ట్రాము నడిచింది; నవంబరు రాకముందే కాదు, నవంబరులోనే 20వ తేదీన మూతపడింది. మరల 1880లో కంపెనీ వెలసింది. ఆ శతాబ్దాంతానికి దాని శాలల్లో సుమారు వేయి గుఱ్ఱాలు! 1902లో విద్యుత్తు వచ్చి వాటికి విముక్తి కలిగించింది. 1954 అక్టోబరులో మహాకవి జీవనానంద దాస్ ట్రాము ఢీకొనగా గాయపడి, ఎనిమిది రోజులకు కన్నుమూశారు. అందుచేత ఆ బండిని కేవలం ముద్దుగా తలచడం బెంగాలీలకు సాధ్యం కాదు.

1996 నుండి మెల్బోర్న్ ట్రాము అభిమానులతో కలిసి 'ట్రామ్‌జాత్రా' పేరిట అలంకరించిన బండ్లను నడుపుతూ వచ్చారు. 2014లో ఎస్ప్లనేడ్ వద్ద ఒక పాత ట్రామునే ప్రదర్శనశాలగా మార్చారు. 2023లో నూటయాభై యేండ్ల పండుగ చేశారు. మరుసటి యేడే, 2024 సెప్టెంబరులో, మైదాన్–ఎస్ప్లనేడ్ మధ్య విహారానికి ఒక్క దారి మాత్రం ఉంచి తక్కినవి తీసివేస్తామని రాష్ట్ర రవాణామంత్రి ప్రకటించారు. ట్రాముల వల్ల దారులు ఇరుకవుతున్నాయట! రోడ్డు నిండా ఒక్కొక్క మనిషిని మోస్తూ నిలిచే కార్లను ఎవరూ తప్పుపట్టరేమి?

విహారపు ట్రాము ఉండడం మేలే, ఏమీ లేకపోవడం కంటె. అయితే 2023లో నేను గరియాహాట్ నుండి ఎస్ప్లనేడ్‌కు వెళ్లిన బండిలో నాతోపాటు కూర్చున్నవారెవ్వరూ విహారానికి రాలేదు. కూరల సంచితో ఒక ముదుసలి, బడి నుండి వస్తున్న ఇద్దరు పిల్లలు, కునికిపాట్లు పడుతున్న ఒక గుమాస్తా. పార్క్ సర్కస్ దాటాక ముదుసలి లేచి నిలుచున్నది. కండక్టరు త్రాడు లాగాడు, గంట మ్రోగింది. ఆమె దిగి సంచి సర్దుకొనేవరకు బండి కదలలేదు.

నాన్నగారు చెప్పిన గంట అదే అయి ఉంటుంది.