కంపైలర్ హెచ్చరికలు: ఓపెన్ సోర్స్ బిల్డుల్లో చరిత్ర

కోడు భాషా నియమాలను దాటకపోయినా, అక్కడ పొరపాటు ఉండవచ్చన్న అనుమానంతో కంపైలర్ చెప్పే మాటే హెచ్చరిక. దాన్ని కోడులోని లోపంగానే చూడటం పరిపాటి. నిజానికి కంపైలర్ వెర్షన్, ప్రాసెసర్, ఆపరేటింగ్ సిస్టమ్ కూడా కలిసి దాన్ని పుట్టిస్తాయి. సీ భాషలోని ‘లాంగ్’ రకం 64-బిట్ లినక్స్‌లో 64 బిట్లు, 64-బిట్ విండోస్‌లో 32 బిట్లు. ‘చార్’ ఎక్స్86 లినక్స్‌లో రుణ సంఖ్యలను పట్టుకుంటుంది, ఆర్మ్ లినక్స్‌లో పట్టుకోదు. అందుకే ఒకచోట చప్పుడు లేకుండా బిల్డయిన ఫైలే మరోచోట హెచ్చరికలు కురిపిస్తుంది.

ఈ చరిత్ర మొదటినుంచీ వేదికల మార్పుతోనే ముడిపడి ఉంది. యూనిక్స్‌ను పీడీపీ-11 నుంచి ఇంటర్‌డేటా 8/32 యంత్రానికి తరలించిన రోజుల్లోనే, 1978లో, బెల్ ల్యాబ్స్‌లో స్టీఫెన్ జాన్సన్ సీ కోడును తనిఖీ చేసే ‘లింట్’ ప్రోగ్రాంను రాశాడు. కంపైలర్ వేగంగా పని ముగించాలి, కఠినమైన తనిఖీ విడి ప్రోగ్రాం చూసుకోవాలి అన్నది అప్పటి పని విభజన. 1987లో వెలువడిన జీసీసీ కంపైలర్ క్రమంగా ఆ తనిఖీలను కంపైలర్‌లోకే తెచ్చింది. తరువాతి రెండు దశాబ్దాల్లో హెచ్చరికల సంఖ్య పెరిగింది. 2007లో బయటికి వచ్చిన క్లాంగ్ కంపైలర్ వాటిని చదవగలిగేంత స్పష్టంగా చూపింది.

హెచ్చరికను దోషంగా మార్చి బిల్డును ఆపే ‘డబ్ల్యూ-ఎర్రర్’ మీదే అసలు వివాదం. ఆపకపోతే ఎవరూ పట్టించుకోరన్నది దాని సమర్థకుల వాదన, అందులో బలముంది. 2021 సెప్టెంబరులో లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నెల్ బిల్డులన్నిటికీ దాన్ని డిఫాల్టు చేసింది ఈ ఉద్దేశంతోనే. అయితే ఎన్నో కంపైలర్లు, ఎన్నో ప్రాసెసర్ల మీద బిల్డులు విరగడంతో కొద్ది రోజుల్లోనే ఆ డిఫాల్టును పరీక్షా బిల్డులకు పరిమితం చేశారు. ఆ సవరణ సరైనదే. రేపటి కంపైలర్ ఏ కొత్త హెచ్చరిక తెస్తుందో నేటి రచయితకు తెలియదు. దాని భారం సోర్సు దించుకున్న వాడుకరి మీద పడకూడదు. కఠినత్వం డెవలపర్ల పరీక్షా యంత్రాలమీద ఉండాలి, విడుదలైన సోర్సులో కాదు. పైగా బిల్డు ఎలాగైనా సాగాలన్న ఒత్తిడి హెచ్చరికను అర్థం చేసుకోకుండా నోరు మూయించే అలవాటుకు దారితీస్తుంది. 2006లో లినక్స్ పంపిణీ డెబియన్‌లో, మెమరీ పొరపాట్లను పట్టే వాల్‌గ్రిండ్ పనిముట్టు ఫిర్యాదును తొలగించబోయి, ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో యాదృచ్ఛికతను దెబ్బతీశారు. 2008 మే వరకు అది బయటపడలేదు. వాల్‌గ్రిండ్ కంపైలర్ కాకపోయినా ప్రమాదం ఒకటే.

హెచ్చరికను మూలంలో పరిష్కరించిన ప్రశంసనీయమైన ఉదాహరణలూ ఉన్నాయి. స్విచ్‌లో ఒక కేసు నుంచి మరొకదానిలోకి జారే చోట్లన్నీ ఏళ్ల తరబడి సరిచేశాకే, 2019 నాటి 5.3 వెర్షన్‌లో లినక్స్ కెర్నెల్ అలా జారడంపై హెచ్చరికను అంతటా అమలుచేసింది. 2023లో వచ్చిన కెర్నెల్ 6.2 అన్ని ప్రాసెసర్ల మీదా ‘చార్’ను రుణ విలువలు లేని రకంగా స్థిరపరచి, ఆ తేడానే తీసేసింది.

కంపైలరే హెచ్చరికను దోషంగా మార్చిన సందర్భమూ ఉంది. సీ భాష 1999 ప్రమాణం తొలగించిన అప్రకటిత ఫంక్షన్ పిలుపులు జీసీసీలో చాలాకాలం హెచ్చరికలుగానే మిగిలాయి. 2024 మేలో వెలువడిన జీసీసీ 14 వాటిని డిఫాల్టుగా దోషాలు చేసింది. పాత కోడు కోసం ఒక ఐచ్ఛికంతో వాటిని మళ్ళీ హెచ్చరికలుగా మార్చుకోవచ్చు.